ఆకాశం చూసిన ఉద్దానం

2022 జనవరిలో కేంద్ర ప్రభుత్వం దేశంలోని అడవుల స్థితి మీద ఒక నివేదిక విడుదల చేసింది. అంతకు ముందు లెక్కతో పోలిస్తే అటవీ విస్తీర్ణం అన్నిటికన్నా ఎక్కువ పెరిగిన రాష్ట్రం ఆంధ్రప్రదేశ్ అనీ, పెరుగుదల 647 చదరపు కిలోమీటర్లనీ అందులో ఉంది. పేపర్లన్నీ రాశాయి. ఆ వార్త చదివిన ఉద్దానం రైతుకు రెండు ప్రశ్నలు పుట్టడం సహజం. "మా తోటలు తిత్లీ తుపానుకు నేలకూలి మూడేళ్లే కదా అయింది, మరి ఈ పెరిగిందంతా ఎక్కడ? అసలు ఇన్ని చెట్లను లెక్కపెట్టింది ఎవరు?"

రెండో ప్రశ్నకు జవాబు తెలిస్తే మొదటిదానికి దారి దొరుకుతుంది. లెక్కపెట్టింది ఉపగ్రహం. అది ఏం చూస్తుందో, దేన్ని చూడలేదో తెలుసుకోవడానికి ఉద్దానం కన్నా మంచి పాఠశాల లేదు. శ్రీకాకుళం జిల్లాలోని పలాస, వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కంచిలి, కవిటి, ఇచ్ఛాపురం మండలాల్లో సముద్రం వెంట పరుచుకున్న ఈ నేలకు 'ఉద్యానవనం' అన్న మాట నుంచే పేరు వచ్చిందంటారు. కొబ్బరి, జీడిమామిడి, పనస ఇక్కడి బతుకు. తీరం అంచున సరుగుడు తోపులు, పడమట సవర గిరిజనుల కొండలు, వాటి వెనక 1,501 మీటర్ల మహేంద్రగిరి. దక్షిణాన టెక్కలి వైపు వెళితే గ్రానైట్ క్వారీలు, నౌపడ ఉప్పు మడులు, విదేశీ కొంగలు దిగే తేలినీలాపురం. కొన్ని గంటల ప్రయాణంలోనే ఇన్ని రకాల నేల కనిపిస్తుంది. పైనుంచి చూసే కంటికి ఇది పెద్ద పరీక్షే.

గడులుగా కోసిన నేల

ఫోన్లో ఒక ఫొటోను వేళ్లతో బాగా పెద్దది చేసి చూడండి. చివరికి రంగురంగుల చదరాలు మిగులుతాయి. వాటిని పిక్సెళ్లంటారు. మనం 'గడి' అందాం. ఉపగ్రహం కూడా నేలను గడులుగా కోసుకుని, ఒక్కో గడి నుంచి వచ్చిన వెలుగంతటినీ కలిపి ఒక అంకెగా రాసుకుంటుంది. గడి లోపల ఏం జరుగుతోందో విడదీసి చూడలేదు.

కాబట్టి మొట్టమొదట అడగవలసింది గడి ఎంతదీ అని. 1972లో అమెరికా పంపిన మొదటి ల్యాండ్‌శాట్ గడి పొడవు, వెడల్పు దాదాపు 80 మీటర్లు. మన లెక్కలో ఎకరంన్నర. ఎకరంన్నర కొబ్బరితోట మొత్తం దానికి ఒక్క చుక్క. తర్వాతి ల్యాండ్‌శాట్‌లకు గడి 30 మీటర్లు, అంటే 22 సెంట్లు. మన ఇస్రో ఉపగ్రహాల్లో అడవుల లెక్కకు ఎక్కువగా వాడే కెమెరా గడి 23.5 మీటర్లు, అంటే పదమూడున్నర సెంట్లు. 2015 నుంచి ఐరోపా వాళ్లు పంపిన సెంటినెల్-2 ఉపగ్రహాలకు గడి 10 మీటర్లు, రెండున్నర సెంట్లు. కొబ్బరిని ఏడున్నర మీటర్ల ఎడంతో నాటితే 22 సెంట్ల గడిలో పదహారు చెట్లు పడతాయి, రెండున్నర సెంట్ల గడిలో రెండు కూడా నిండుగా పట్టవు. కార్టోశాట్-3 లాంటి ఉపగ్రహాల గడి అరమీటరు కన్నా చిన్నది. వాటి చిత్రాల్లో కొబ్బరి తల నక్షత్రంలా విడిగా కనిపిస్తుంది. అయితే అంత చిన్న గడితో దేశమంతటినీ తరచూ చిత్రించడం ఖర్చుతో కూడిన పని.

ఉద్దానంలో చిక్కు ఇంకొకటి ఉంది. ఇక్కడ తోట మధ్యనే ఇల్లు, ఇంటి వెనక పనస, పనస పక్కన బావి, బావి చుట్టూ అరటి. ఇవన్నీ ఒకే గడిలో పడితే వచ్చే అంకె అన్నీ కలిపి కాచిన పులుసు రుచి లాంటిది. ఏ ముక్క ఎంత పడిందో రుచిని బట్టి ఊహించాలి.

ఆకు మింగే వెలుగు, వదిలే వెలుగు

పచ్చగా ఉంటే చెట్టు, లేకపోతే నేల అని తేల్చేయవచ్చు కదా అనిపిస్తుంది. అది చాలదు. పాచి పట్టిన చెరువు కూడా పచ్చగానే ఉంటుంది. ఆకును పట్టించే అసలు గుర్తు మన కంటికి ఆనని వెలుగులో ఉంది.

టీవీ రిమోట్ ముందుభాగాన్ని చూస్తూ బటన్ నొక్కండి. కంటికి ఏమీ కనిపించదు. అదే భాగాన్ని ఫోన్ కెమెరాలోంచి చూస్తూ నొక్కితే చాలా ఫోన్లలో చిన్న వెలుగు చుక్క మెరుస్తుంది. అది పరారుణ కాంతి. ఎండలో ఇది కూడా ఉంటుంది. ఆకులోని పత్రహరితం తన వంట కోసం ఎరుపు వెలుగును దాదాపు మొత్తం మింగేస్తుంది. పరారుణాన్ని మాత్రం అది వాడుకోలేదు. ఆకు లోపలి కణాల అమరిక ఆ వెలుగులో దాదాపు సగాన్ని తిరిగి పైకి నెట్టేస్తుంది. ఎరుపు తక్కువగా, పరారుణం ఎక్కువగా తిరిగొచ్చిందంటే కింద ప్రాణమున్న ఆకు ఉన్నట్టే. ఆకు ఎండితే ఎరుపును మింగే శక్తి పోతుంది, తేడా తగ్గుతుంది. ఇసుకలో తేడా అంతంతమాత్రం. నీరు పరారుణాన్ని మింగేస్తుంది కనుక లెక్క తిరగబడుతుంది.

ఈ రెండు వెలుగుల తేడాను ఒక అంకెగా చేస్తారు. శాస్త్రవేత్తలు ఎన్‌డీవీఐ అనే ఆ అంకెను మనం 'పచ్చదనపు కొలత' అందాం. అది ఒకటికి దగ్గరయ్యే కొద్దీ ఆకు దట్టం, సున్నా దగ్గర బోడి నేల, సున్నాకు దిగువన నీరు. కంటికి కనపడని పరారుణాన్ని చూపించడానికి పటంలో దానికి ఎరుపు రంగు వేయడం ఆనవాయితీ. అందుకే అలాంటి చిత్రంలో ఉద్దానం తీరం వెంట ఎర్రటి పట్టీలా, నౌపడ మడులు తెల్లటి చతురస్రాల్లా, సముద్రం నల్లగా కనిపిస్తాయి. ఎరుపు చూసి భయపడకూడదు. అక్కడ ఎరుపంటే ఆకు.

జీడిపప్పు బల్ల చెప్పే పాఠం

ఆకు ఉందని తెలిసింది. అది వరి ఆకా, జీడి ఆకా, కొండ మీది అడవి ఆకా అన్నది తర్వాతి మెట్టు.

పలాసలో జీడిపప్పు గ్రేడింగు చూసినవాళ్లకు ఇది సులభంగా అర్థమవుతుంది. గుండు, బద్ద, ముక్క అని మొదట విడదీస్తారు. గుండులోనూ సైజులుంటాయి. 320 గ్రేడు అంటే పౌనుకు 320 దాటకుండా పప్పులు తూగాలి. కొత్తగా చేరిన మనిషికి ఎవరూ పుస్తకం ఇచ్చి నేర్పరు. అనుభవమున్న ఆమె నాలుగు పప్పులు చేతిలో పెట్టి "ఇది ఈ రకం, ఇది ఆ రకం" అని చూపిస్తుంది. కొన్నాళ్లకు చెయ్యి తనంతట తానే విడదీస్తుంది. కంప్యూటర్‌కు గడులను విడదీయడం నేర్పేది కూడా ఇలాగే. నేల మీదికి వెళ్లి "ఈ చోటు జీడి, ఈ చోటు సరుగుడు, ఈ చోటు వరి" అని గుర్తించుకొచ్చిన నమూనాలు చూపిస్తారు. వాటి పోలికను పట్టుకుని అది లక్షల గడులను రకాలుగా పంచుతుంది. నమూనా తప్పయితే పంపకం మొత్తం తప్పవుతుంది.

ఒక్క రోజు చిత్రం చూసి వరికీ జీడికీ తేడా చెప్పడం కష్టం. అక్టోబర్‌లో రెండూ నిండుగానే ఉంటాయి. ఏడాది పొడవునా చూస్తే గుట్టు తెలుస్తుంది. ఖరీఫ్ వరి పచ్చదనం ఆగస్టు నుంచి ఎక్కి, కోతలతో ఒక్కసారి దిగిపోతుంది. కొండల మీది ఆకురాల్చే అడవి ఎండాకాలం ముందు పలచబడి, వానలతో మళ్లీ చిగురిస్తుంది. జీడి, కొబ్బరి ఏడాదంతా దాదాపు ఒకే మట్టంలో ఉంటాయి. పంట పేరు తెలియకపోయినా నడక చూసి పోల్చుకోవచ్చు. ఒక ఏడాది అక్టోబర్ చిత్రాన్ని మరో ఏడాది మార్చి చిత్రంతో పోలిస్తే రాలిన ఆకును నరికిన చెట్టుగా పొరబడతాం. ఏ నెల చిత్రానికి ఆ నెల చిత్రమే జోడీ.

'అడవి' అనే మాట వెనక

ఇప్పుడు 647 చదరపు కిలోమీటర్ల దగ్గరకు వద్దాం. మన దేశంలో ఉపగ్రహ చిత్రాలతో అడవిని కొలిచిన తొలి ప్రయత్నాల్లో ఒకటి హైదరాబాద్‌లోని నేషనల్ రిమోట్ సెన్సింగ్ ఏజెన్సీది. 1972-75 నాటి చిత్రాలనూ 1980-82 నాటి చిత్రాలనూ పక్కపక్కన పెట్టి, దేశంలో అడవి సుమారు 17 శాతం నుంచి 14 శాతానికి పడిపోయిందని అది చెప్పినప్పుడు పెద్ద చర్చే జరిగింది. 1987 నుంచి డెహ్రాడూన్‌లోని ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా రెండేళ్లకోసారి నివేదిక ఇచ్చే పద్ధతి మొదలైంది. మనం మొదట్లో చెప్పుకున్న నివేదిక ఆ వరసలోదే.

ఆ సంస్థ నిర్వచనం ప్రకారం ఒక హెక్టారు, అంటే దాదాపు రెండున్నర ఎకరాల నేల మీద చెట్ల గొడుగు పది శాతానికి మించితే అది 'అటవీ విస్తీర్ణం'. సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉన్నప్పుడు నేల మీద పదో వంతు నీడ పడితే చాలన్నమాట. నీడ 40 శాతం లోపుంటే పలచని అడవి, 40 నుంచి 70 దాకా ఉంటే ఓ మోస్తరు దట్టం, 70 దాటితే బాగా దట్టం. ఆ నేల ఎవరిది, చెట్టు ఏ జాతిది, ఎవరు నాటారు అన్న ప్రశ్నలకు ఇక్కడ చోటు లేదు. పండ్ల తోటలు, తాటి కొబ్బరి జాతులు, వెదురు అన్నీ వచ్చేస్తాయి.

ఈ లెక్కలో కవిటి కొబ్బరితోట అడవి. పలాస జీడితోట అడవి. కాగితం మిల్లు కోసం వేసిన సరుగుడు తోపూ అడవే. ఇందులో దాపరికం లేదు. నిర్వచనాన్ని నివేదికలోనే రాస్తారు. పైగా మట్టిని పట్టి ఉంచడానికి, గాలిని చల్లబరచడానికి, బొగ్గుపులుసు వాయువును పీల్చడానికి తోట కూడా పనికొస్తుంది. కానీ కొండ అడవి వంద ఎకరాలు పోయి, తీరంలో వంద ఎకరాల సరుగుడు లేస్తే మొత్తం అంకె కదలదు. ఎలుగుబంటికి, అడ్డాకు ఏరుకునే సవర ఇల్లాలికి ఆ రెండూ ఒకటి కావు. ఆ నివేదికలోనే దేశం మొత్తం మీద 1,540 చదరపు కిలోమీటర్లు పెరిగిందని ఉంది. విడదీసి చూస్తే పలచని అడవి 2,621, బాగా దట్టమైనది 501 పెరిగాయి, ఓ మోస్తరు దట్టమైన అడవి మాత్రం 1,582 చదరపు కిలోమీటర్లు తగ్గింది. అందుకే మొత్తంతో ఆగిపోకుండా ఏ రకం పెరిగింది, ఏ రకం తగ్గింది అని అడగడం పాఠకుడి బాధ్యత.

పేరు పెట్టడంలో జరిగే తప్పు ఎంత దూరం పోతుందో ఈ జిల్లాకు బాగా తెలుసు. సోంపేట బీలను అక్కడ కట్టాలనుకున్న విద్యుత్కేంద్రం కాగితాల్లో బంజరుగా చూపారు. చేపలు పట్టి, పొలాలకు నీరు పెట్టుకుని బతికే జనం అది చిత్తడి నేల అని మొత్తుకున్నారు. 2010 జూలై 14న నిరసనకారుల మీద జరిగిన పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. అదే రోజు పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ ప్రాజెక్టు అనుమతిని రద్దు చేసింది. పటం మీద గడికి ఏ పేరు పెట్టాలో నిర్ణయించేది చివరికి మనిషే.

తిత్లీ వెళ్లిన తర్వాత

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. గంటకు 140 నుంచి 150 కిలోమీటర్ల గాలి. కొబ్బరిచెట్లు మొవ్వులు విరిగి మోడులయ్యాయి, జీడిచెట్లు వేళ్లతో సహా పడిపోయాయి. తరాలుగా పెంచుకున్న తోటలు ఒక్క పూటలో పోయాయి.

ఇంత పెద్ద మార్పు ఆ రెండేళ్ల నివేదికల్లో ఎక్కడుంది? 2019 నివేదికకు వాడిన చిత్రాలు 2017 అక్టోబర్-డిసెంబర్ నాటివి. అప్పటికి తిత్లీ రాలేదు. తర్వాతి నివేదిక చిత్రాలు 2019 అక్టోబర్-డిసెంబర్ నాటివి. అప్పటికి ఏడాది గడిచింది. తుపాను ఆ రెండు ఫొటోల నడుమ వచ్చి వెళ్లిపోయింది. పైగా రాష్ట్రం మొత్తానికి ఒక అంకె వేసినప్పుడు ఒక మూలన తగ్గింది మరో మూలన పెరిగినదాంట్లో కలిసిపోతుంది. రాష్ట్రం లెక్క పెరిగిందన్న మాట, ఉద్దానం రైతు తోట పోయిందన్న మాట రెండూ ఏకకాలంలో నిజం కాగలవు.

తుపాను నష్టాన్ని చూడాలంటే ఇంకా తరచుగా చూసే కన్ను కావాలి. రెండు సెంటినెల్-2 ఉపగ్రహాలు కలిసి అయిదు రోజులకోసారి ఒక చోటికి తిరిగొస్తాయి. తుపానుకు ముందు చిత్రంలోంచి తర్వాతి చిత్రాన్ని తీసివేస్తే ఆకు పోయిన గడులు బయటపడతాయి. ఇక్కడ రెండు మోసాలున్నాయి. మొదటిది ఆలస్యం. పడిపోయిన జీడి కొమ్మ ఆకు కొన్నాళ్లు పచ్చగానే ఉంటుంది. మొవ్వు దెబ్బతిన్న కొబ్బరి నిలబడే ఉండి, నెలల తర్వాత చచ్చిపోతుంది. రెండోది తొందర. తుపాను తెచ్చిన వానకు పడిన చెట్ల మధ్య గడ్డి, తుప్పలు లేస్తాయి. పచ్చదనపు కొలత మళ్లీ పైకి ఎక్కుతుంది. గడ్డి పెరగడానికి నెల చాలు. దేశవాళీ కొబ్బరి మొక్క దింపుకు రావాలంటే ఆరేడేళ్లు పడుతుంది. ఒక్క తేదీ నాటి అంకెతో పరిహారం తేల్చేస్తే రైతుకు అన్యాయం జరిగేది ఇక్కడే.

గడ్డికీ చెట్టుకూ తేడా చెప్పగలిగేది రాడార్ కన్ను. మామూలు కెమెరాకు సూర్యుడు వెలుగివ్వాలి, మబ్బు అడ్డు రాకూడదు. రాడార్ చీకట్లో టార్చి పట్టుకున్న మనిషి లాంటిది. తన తరంగాలను తానే పంపి, తిరిగొచ్చినదాన్ని వింటుంది. మబ్బు దానికి అడ్డు కాదు. 2025 జూలై 30న శ్రీహరికోట నుంచి ఎగిరిన నైసార్ ఉపగ్రహం పంపే తరంగాల్లో ఒక రకం పొడవు 24 సెంటీమీటర్లు, అంటే సుమారు జానెడు. అంత పొడవైన తరంగం ఆకులను దాటుకుని కొమ్మలకూ మానుకూ తగిలి తిరిగొస్తుంది. గడ్డి దానికి పెద్దగా ఆనదు. పన్నెండు రోజులకోసారి ఒక చోటిని చూసే ఈ ఉపగ్రహాన్ని ఇస్రో, నాసా కలిసి తయారు చేశాయి. తుపానుల తీరానికి ఇది పెద్ద అండ.

తగ్గింది సరే, ఎందుకు?

కిడ్నీ జబ్బు పీడించే ఉద్దానంలో క్రియాటినిన్ చీటీ గురించి జనానికి వేరే చెప్పనక్కర్లేదు. ఒక్క పరీక్షలో అంకె ఎక్కువ వచ్చిందని డాక్టర్ తీర్పు చెప్పరు. పాత చీటీలన్నీ తెమ్మంటారు. మెల్లగా పెరుగుతూ వచ్చిందా, ఒక్కసారి ఎగిసిందా, తగ్గి మళ్లీ పెరిగిందా అని చూస్తారు. నేలకు కూడా 1972 నుంచి అలాంటి చీటీలున్నాయి. 2008లో ల్యాండ్‌శాట్ పాత చిత్రాలన్నిటినీ ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టాక, ఒక్కో గడి చరిత్రను ఏళ్ల తరబడి వరసగా చదవడం ఎవరికైనా సాధ్యమైంది.

ఆ వరసలో ఒక్కో కారణానికి ఒక్కో ఆనవాలు ఉంటుంది. తుపాను గట్లను, సర్వే నంబర్లను లెక్కచేయదు. వందల ఊళ్లలో ఒకే రోజు కొలత పడిపోతుంది. సరుగుడు నరికితే మడి ఆకారంలో ఒక్క ముక్క బోడి అవుతుంది, మళ్లీ నాటగానే రెండు మూడేళ్లలో ఎక్కుతుంది, నాలుగైదేళ్లకు మళ్లీ పడుతుంది. రంపపు పళ్లలాంటి ఆ గీత అడవి నాశనానికి గుర్తు కాదు, అది పంట. కొండవాలు మీద పోడు చిన్న చిన్న అతుకుల్లా కనిపిస్తుంది. ఎండాకాలంలో కాలిన నలుపు, వానల్లో పంట పచ్చ. అదే చోట జీడిమొక్కలు నాటితే ఏటికేడు మెల్లగా మెట్టెక్కి నిలకడ పడుతుంది. టెక్కలి వైపు గ్రానైట్ క్వారీ మొదట చిన్న తెల్లమచ్చ, ఏటికేడు వెడల్పవుతుంది, అక్కడ పచ్చదనం తిరిగి రాదు. రొయ్యల చెరువైతే కొలత సున్నాకు దిగువకు జారి, చుట్టూ తిన్నటి గట్లు కనిపిస్తాయి. రోడ్డు గీతలా సాగుతుంది.

ఈ ఆనవాళ్లు సగం కథ మాత్రమే చెబుతాయి. ఒక జీడితోట నరికినట్టు చిత్రంలో స్పష్టంగా ఉండొచ్చు. ఆ రైతు ముసలి చెట్లు తీసి కొత్త రకం నాటడానికి నరికాడా, ప్లాట్లు వేయడానికా, ఇంట్లో డయాలసిస్ ఖర్చుకు అమ్ముకున్నాడా అన్నది ఏ గడిలోనూ రాసి ఉండదు. అందుకే నేల మీదికి వెళ్లి చూడటాన్ని ఈ శాస్త్రం తప్పనిసరి మెట్టుగా పెట్టుకుంది. దాన్ని మనం 'నేలసాక్ష్యం' అందాం. చిత్రం జీడి అన్నచోట నిజంగా జీడే ఉందా, బోడి అన్నచోట ఏం జరిగింది అని ఊరివాళ్లను అడిగి రాసుకోవాలి. ఆ సాక్ష్యం లేని పటం సంతకం లేని దస్తావేజు వంటిది.

ఈ సాక్ష్యం చెప్పగలిగేది మీరే. ఇస్రో 2009లో తెచ్చిన భువన్ పోర్టల్‌ను ఫోన్లో తెరిచి మీ ఊరి తోటను వెతకండి. బడిలో పిల్లలతో ఊరి పటం గీయించి, ఏ తోట ఏ ఏడు ఎందుకు పోయిందో, కొత్తది ఎప్పుడు నాటారో తేదీతో సహా ఒక పుస్తకంలో రాయించండి. తిత్లీలో మీ తోటలో ఎన్ని చెట్లు పడ్డాయో, అందులో తర్వాత ఎన్ని చచ్చిపోయాయో గుర్తున్నవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్లను అడిగి ఇప్పుడే రాసుకోండి. ఆకు పోయిన తేదీని ఉపగ్రహం చెబుతుంది. కారణం చెప్పవలసింది ఊరు. రేపు మరో తుపాను వచ్చినప్పుడు, మరో నివేదికలో మరో అంకె కనిపించినప్పుడు, ఆ పుస్తకమే మీ తరఫున మాట్లాడుతుంది.